సుస్థిర నిర్మాణంలో రిస్కు, నమ్మకం: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇల్లు కట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లై యాష్ (థర్మల్ కేంద్రాల్లో మిగిలే బొగ్గు బూడిద) ఇటుక, మట్టి బ్లాకు, సోలార్, వాన నీటి గుంత వంటి వాటితో పర్యావరణానికి భారం కాని ఇల్లు కట్టదలచినవారు మళ్లీ మళ్లీ అడుగుతున్న సందేహాలను పని దశల ప్రకారం ఇక్కడ కూర్చాము. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఐదేళ్లకే పగలగొట్టి మళ్లీ కట్టవలసి వచ్చిన గోడ ఏ సామగ్రితో కట్టినా పర్యావరణానికి నష్టమే. అందువల్ల ఏ కొత్త పద్ధతి గురించి అయినా, దాన్ని ఈ ఊళ్లో ఎవరు కట్టగలరు, ఎవరు పరీక్షించగలరు, చెడితే ఎవరు బాగుచేయగలరు అన్న మూడు విషయాలనే ముందుగా చూశాము.

## స్థలం చూసేటప్పుడు

చెరువు కింద ప్లాటు చవకగా వస్తోంది. ఎండాకాలంలో వెళ్లి చూస్తే పొడిగానే ఉంది. కొనవచ్చా?

ఎండాకాలంలో చూసి నిర్ణయించకూడదు. ఈ ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగాయి, స్వర్ణముఖి పొంగింది, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరడంతో దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించవలసి వచ్చింది. కాబట్టి ప్లాటు ఏ చెరువు ఆయకట్టులో ఉంది, ఆ చెరువు నిండితే మొరవ నీరు ఏ వంక గుండా ఎటు పోతుంది, ఆ వంక ఇప్పటికీ తెరిచి ఉందా లేక లేఅవుట్ రోడ్డు కింద పూడిపోయిందా అన్నది గ్రామ పటంలో చూసి, ఆ వీధిలో పదేళ్లకు పైగా ఉంటున్నవారిని అడిగి తెలుసుకోవాలి. 2021లో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో ఇరుగుపొరుగు గోడల మీద చూపిస్తారు. ఇంటి గచ్చు మట్టం ఆ గుర్తుకు పైన ఉండేలా కట్టడానికి అయ్యే మట్టి, రాయి, సిమెంటు ఖర్చును ప్లాటు ధరకు కలిపి చూస్తే, చవక అనుకున్నది చాలాసార్లు చవక కాదని తేలుతుంది. పాత వంక మీదే ప్లాటు ఉన్నట్టయితే ఎంత ఎత్తు లేపి కట్టినా మా సలహా వద్దనే.

మట్టి పరీక్ష నిజంగా అవసరమా? పక్కింటివాళ్లు చేయించలేదు, వాళ్ల ఇల్లు బాగానే ఉంది.

అవసరమే. తిరుమల ఘాట్ రోడ్డులో కింద పాత గ్రానైట్ శిల, దాని మీద క్వార్ట్జైట్ అనే గట్టి రాయి పొరలు కలిసే చోటును ఎపార్కియన్ అసమవిన్యాసం అంటారు. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. కొండ పాదంలోని నేల ఆ రెండు శిలలూ అరిగి, విరిగి, కొట్టుకువచ్చి పేరుకున్నది కనుక, ఒకే వీధిలో ఒక ప్లాటుకు నాలుగడుగుల్లో రాయి తగిలితే, మరో ప్లాటుకు గుండ్ల మధ్య మెత్తని మన్ను దొరకవచ్చు. చెరువు మట్టి తెచ్చి పూడ్చిన ప్లాట్లు ఇంకా అనుమానాస్పదం. పరీక్ష వల్ల మరో లాభం కూడా ఉంది. నేల ఎంత బరువు మోస్తుందో తెలియని ఇంజనీరు భయంతో పునాదిని పెద్దది చేస్తాడు. తెలిసిన ఇంజనీరు అవసరమైనంతే వేస్తాడు కనుక ఇనుము, సిమెంటు రెండూ తగ్గుతాయి.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కాంక్రీటు కలపడానికి వాడవచ్చా?

ఒక సీసాడు నీళ్లు ప్రయోగశాలకు ఇచ్చి తెలుసుకోవాలి. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటులో వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6కు తగ్గకూడదు. క్లోరైడు ఎక్కువైతే లోపలి కడ్డీ తుప్పు పడుతుంది, ఆ సంగతి కొన్నేళ్ల తరువాత స్లాబ్ పెచ్చులూడినప్పుడు గాని బయటపడదు.

## ప్లాను, సామగ్రి ఎంచుకునేటప్పుడు

గ్రీన్ రేటింగ్ సర్టిఫికెట్ ఉంటే ఆ భవనాన్ని నమ్మవచ్చు కదా?

కొంతవరకే. 2001లో ఏర్పడి హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్), అలాగే గృహ అనే రేటింగు పద్ధతి ప్రధానంగా కరెంటు, నీరు, సామగ్రి, గాలి వెలుతురు, వ్యర్థాల నిర్వహణ వంటి వాటిని కొలుస్తాయి. స్తంభంలో కడ్డీలు డ్రాయింగు ప్రకారమే కట్టారా, స్లాబుకు సరిగా నీళ్లు పట్టారా అన్నది రేటింగు చెప్పే విషయం కాదు. అందువల్ల స్ట్రక్చరల్ ఇంజనీరు డిజైను, పని జరిగేటప్పటి తనిఖీ, పరీక్షల రికార్డు వేరుగా ఉండవలసిందే. సొంత ఇంటికి రేటింగు ఫీజు కట్టడం కంటే ఆ డబ్బుతో తనిఖీ చేసే ఇంజనీరును పెట్టుకోవడం మేలని మా అభిప్రాయం.

ఫ్లై యాష్ ఇటుక, ఏఏసీ (గాలి బుడగలతో చేసిన తేలిక కాంక్రీటు) బ్లాకు, మట్టి బ్లాకు: ఈ మూడింటిలో దేనికి రిస్కు తక్కువ?

మూడూ మంచివే, అయితే ఒక్కొక్కటి ఒక్కో చోట దెబ్బతింటుంది.

ఫ్లై యాష్ ఇటుకకు ఈ ప్రాంతంలో ముడిసరుకు దూరం కాదు. కడప జిల్లాలో రాయలసీమ థర్మల్ కేంద్రం, నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం థర్మల్ కేంద్రం బొగ్గు మండించేవే. ఇబ్బంది ఎక్కడంటే, చిన్న యూనిట్లలో ఒక లోడుకూ మరో లోడుకూ నాణ్యత మారిపోతుంది, సరిగా క్యూరింగ్ (నీళ్లు పట్టి గట్టిపరచడం) కాకముందే లారీ ఎక్కించేస్తారు. ప్రతి లోడు నుంచి నాలుగైదు ఇటుకలు తీసి, ఎండినప్పుడు తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూస్తే పీల్చుకున్న నీరెంతో తెలుస్తుంది. సాధారణ తరగతి ఇటుకలకు ఐఎస్ 12894 విధించిన పరిమితి 20 శాతం. అంతకు మించితే లోడు వెనక్కి పంపవచ్చు, అయితే ఆ మాట ఆర్డరు కాగితం మీద ముందే రాసి ఉండాలి.

ఏఏసీ బ్లాకు తేలిక కనుక స్తంభాల మీద, పునాది మీద బరువు తగ్గుతుంది, ఎండ వేడినీ తక్కువగా లోపలికి పంపుతుంది. ఎక్కువ ఫిర్యాదులు పగుళ్ల గురించే వస్తాయి. బ్లాకు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, కాంక్రీటు స్తంభం దానితోపాటు కుంచించదు, అందుకే రెండింటి మధ్య నిలువుగా గీత పడుతుంది. కలిసే చోట మెష్ వేసి పూత పూయడం, వానకు తడిసిన బ్లాకును ఆరనిచ్చిన తరువాతే కట్టడం, బరువైన అలమరలు ఎక్కడ బిగిస్తారో ముందే అనుకొని అక్కడ తగిన ఏర్పాటు చేయడం అనే మూడు జాగ్రత్తలు తీసుకుంటే చాలావరకు సమస్య తీరుతుంది.

సిమెంటు కలిపి యంత్రంతో అదిమిన మట్టి బ్లాకుకు ఐఎస్ 1725 వర్తిస్తుంది. మన ఎర్రమట్టి చాలా చోట్ల దీనికి పనికివస్తుంది, కాల్చవలసిన అవసరం లేదు కనుక మూడింటిలో పర్యావరణానికి అన్నిటికంటే తేలికైనది ఇదే. అయితే దీని బలాన్ని పొడిగా ఉన్నప్పుడు కాదు, నానిన తరువాత పరీక్షించాలి. కార్తీక మాసపు జడివానకు తగులుతూ ఉండే గోడకు చూరు కనీసం రెండడుగులు ముందుకు రావాలి, గోడ అడుగుభాగం రాతి కట్టుబడి మీద నిలవాలి. ఈ రెండూ ప్లానులో లేకపోతే మట్టి బ్లాకు ఆలోచన మానుకోవడమే క్షేమం.

ర్యాట్ ట్రాప్ బాండ్‌తో గోడ కట్టమంటే మా బేల్దారు వద్దంటున్నాడు. బలవంతపెట్టాలా?

బలవంతం వద్దు, ఆయన మాటను తోసిపుచ్చనూ వద్దు. ఇటుకలను అంచు మీద నిలిపి మధ్యలో ఖాళీ వదిలే ఈ కట్టుబడిని కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ విస్తృతంగా వాడారు. ఇటుకలు సుమారు పాతిక శాతం ఆదా అవుతాయి, లోపలి గాలి పొర వేడిని ఆపుతుంది. అలవాటు లేని చేతుల్లో మాత్రం ఖాళీలోకి సిమెంటు మాలు పడి పూడుకుపోతుంది, వరస తప్పుతుంది, కరెంటు పైపుల కోసం తరువాత గోడను తొలిస్తే బలం పోతుంది. కాంపౌండు గోడలో పది అడుగుల మేర ముందు కట్టించి చూడండి. దానికి పూర్తి కూలి ఇవ్వండి. ఆ ముక్క సరిగా వస్తే ఇంటికి వాడవచ్చు, రాకపోతే మామూలు కట్టుబడితోనే మంచి ఇల్లు కట్టవచ్చు. చేతికి అలవాటైన పద్ధతిలో ఉన్న నమ్మకాన్ని ఇటుకల ఆదా కోసం పోగొట్టుకోకూడదు.

పీపీసీ సిమెంటు గట్టిపడదని అంటారు. స్లాబుకు ఓపీసీయే వాడాలా?

పీపీసీ అంటే ఫ్లై యాష్ కలిపిన సిమెంటు, ఓపీసీ అంటే అది కలపని మామూలు సిమెంటు. పీపీసీలో ఐఎస్ 1489 ప్రకారం 15 నుంచి 35 శాతం వరకు ఫ్లై యాష్ ఉంటుంది. మొదటి వారంలో బలం కాస్త నెమ్మదిగా వస్తుంది, ఆపైన పుంజుకుంటుంది, నీరు ఇంకే గుణం తగ్గుతుంది, క్లింకరు (సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు ముడిగుళికలు) తక్కువ కనుక కర్బన భారమూ తగ్గుతుంది. గట్టిపడదన్న మాట పుట్టడానికి కారణం తొందరపాటే. ఓపీసీకి చేసినట్టే సెంట్రింగు (కాంక్రీటును మోసే తాత్కాలిక పలకలు, ఊతాలు) విప్పి, ఓపీసీకి పట్టినన్ని రోజులే నీళ్లు పట్టి ఆపేస్తే పీపీసీ నిజంగానే బలహీనపడుతుంది.

నది ఇసుక మంచిదా, ఎం శాండ్ (రాయిని నూరి చేసిన ఇసుక) మంచిదా?

ఐఎస్ 383 రెండింటినీ అనుమతిస్తుంది. నది ఇసుకలో బురద, అంటే 75 మైక్రాన్ల జల్లెడ దాటే మెత్తని పదార్థం, బరువులో 3 శాతానికి మించకూడదు. కంకర కొట్టేటప్పుడు మిగిలే క్రషర్ డస్టును ఎం శాండ్ పేరుతో అమ్మడం మనవైపు ఉన్న పెద్ద బెడద. ఎం శాండ్ కోసమే గుళికల ఆకారం సరిచేసి, కడిగి ఇచ్చే యూనిట్ నుంచి పరీక్ష నివేదికతో సహా కొనాలి.

వరదలో సంపు పైకి తేలిందని విన్నాము. అది నిజంగా జరుగుతుందా?

జరుగుతుంది. 2021 నవంబరు వరదల తరువాత తిరుపతి ఎం.ఆర్.పల్లి వైపు శ్రీకృష్ణ నగర్‌లో సిమెంటు రింగుల సంపు ఒకటి నేలలోంచి పైకి లేచింది, ఆ వార్త దేశమంతా చూసింది. అందులో వింత లేదు. చుట్టూ నేల నీటితో నిండినప్పుడు, సంపు ఎంత స్థలాన్ని ఆక్రమించిందో అంత నీటి బరువుతో నేల దాన్ని పైకి తోస్తుంది. బయటి కొలత 2.5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉండి, గోడలు, అడుగు, మూత 15 సెంటీమీటర్ల మందంతో పోసిన కాంక్రీటు సంపును తీసుకోండి. భూగర్భ జలం పైదాకా వస్తే దాన్ని పైకి తోసే బలం 12.5 టన్నులు, ఖాళీ సంపు బరువు సుమారు 10.7 టన్నులు. పక్క మట్టి పట్టు మాత్రమే దాన్ని ఆపాలి, నానిన మట్టికి ఆ పట్టు సడలుతుంది. కాబట్టి అడుగు స్లాబును గోడలకంటే బయటికి పొడిగించి దాని మీద మట్టి బరువు కూర్చునేలా డిజైను చేయించాలి. ఇంకా సులువైన నియమం ఏమిటంటే, వానలు పడుతున్న రోజుల్లో సంపును ఖాళీ చేసి కడగకూడదు. శుభ్రం చేసే పని వేసవికి పెట్టుకోవాలి.

మే నెలలో పైగది కొలిమిలా ఉంటుంది. దేని మీద ముందు ఖర్చు పెట్టాలి?

పైకప్పు మీద. నివాస భవనాల కోసం 2018లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత, పైకప్పు గుండా వేడి ప్రసరణకు చదరపు మీటరుకు 1.2 వాట్లు అనే హద్దు పెట్టింది, లోపలికీ బయటికీ తేడా ఒక డిగ్రీ ఉన్నప్పటి లెక్క అది. ఖాళీ కాంక్రీటు స్లాబ్ ఆ హద్దుకు చాలా పైన ఉంటుంది. వేడిని ఆపే పొర, దాని మీద వాటరుప్రూఫింగు, ఆపైన తెల్లని పలకలు అన్నది మంచి వరస. అంత ఖర్చు పెట్టలేనివారు ఏటా వేసవికి ముందు సున్నం వేయించుకున్నా తేడా తెలుస్తుంది.

## ఒప్పందం, డబ్బు

రిస్క్ రిజిస్టర్ పెద్ద కంపెనీలకు కదా, ఒక ఇంటికి ఎందుకు?

ఒక నోటుపుస్తకం చాలు. ప్రతి పేజీలో ఏది తప్పిపోవచ్చు, అది తప్పుతోందని మొదట ఎలా తెలుస్తుంది, చూడవలసిన మనిషి ఎవరు, అప్పుడు ఏం చేయాలి, ఏ తేదీలోగా చేయాలి అని రాయాలి. ఉదాహరణకు, ఇటుకల లోడు ఆలస్యం కావచ్చు అన్న పేజీలో రెండో సరఫరాదారు పేరు, ఆయన ధర, ఎన్ని రోజుల ముందు ఆర్డరు ఇవ్వాలి అన్నవి ఉండాలి. మట్టి బ్లాకుల యంత్రం నడిపే మనిషి ఒక్కడే ఉన్నాడన్నది మరో పేజీ. కొత్త పద్ధతుల్లో ఎక్కువగా ఎదురయ్యే రిస్కు ఇదే, పని తెలిసినవాడు ఒక్కడే కావడం. నెలకు ఒకసారి ఇంజనీరు, మేస్త్రీ, యజమాని ముగ్గురూ కూర్చొని ఆ పుస్తకం చూడాలి. చూడని పుస్తకం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మేస్త్రీ మాకు బాగా తెలిసినవాడే. నోటిమాట ఒప్పందం చాలదా?

తెలిసిన మనిషితోనే రాసుకోవాలి, ఆ పరిచయం చెడకుండా ఉండాలంటే అదే మార్గం. సిమెంటు రకం, ఇటుక ప్రమాణం, క్యూరింగ్ రోజులు, పరీక్షలో తప్పితే ఎవరి ఖర్చుతో తీసేయాలి అన్నవి రాయాలి. ప్రతి బిల్లులో కొంత శాతం నిలిపి ఉంచి, ఒక పూర్తి వానాకాలం గడిచి కారడాలు లేవని తేలిన తరువాత చెల్లించే షరతు పెట్టుకోవడం ఉత్తమం.

వేసిన అంచనాకు పైన ఎంత డబ్బు సిద్ధంగా ఉంచుకోవాలి?

అలవాటైన పద్ధతిలో కట్టేవారు పదో వంతు, ఊళ్లో ఎవరూ వాడని పద్ధతి ఎంచుకున్నవారు అంతకు ఒకటిన్నర రెట్లు ఉంచుకోవాలన్నది మా సలహా.

కట్టేటప్పుడు వరద వచ్చి పాడైతే ఇన్సూరెన్స్ వస్తుందా?

కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అనే పాలసీ ఉంది. వరద, గాలివాన, అగ్ని వంటి వాటివల్ల జరుగుతున్న పనికి కలిగే నష్టం సాధారణంగా దాని కిందికి వస్తుంది. నాసిరకం పనిని సరిచేసే ఖర్చు రాదు. కూలీల ప్రమాదాలకు వేరే పాలసీ తీసుకోవాలి, అది తప్పనిసరిగా తీసుకోవాలి.

మేము ఫ్లాటు కొంటున్నాము. బిల్డరు గ్రీన్ అంటున్నాడు. తరువాత లోపాలు బయటపడితే?

రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదైన ప్రాజెక్టు అయితే, 2016 నాటి చట్టం సెక్షన్ 14 ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో లేక పనితనంలో లోపం చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో అదనపు డబ్బు అడగకుండా సరిచేయాలి. సోలార్, మురుగునీటి శుద్ధి, వాన నీటి ఏర్పాట్లు బ్రోచరులో మాత్రమే కాకుండా అమ్మకం ఒప్పందంలో కూడా రాయించుకోవాలి. ఇక్కడ గుర్తుంచుకోవలసిందేమంటే, సొంత స్థలంలో మేస్త్రీతో కట్టించుకునే ఇంటికి ఈ రక్షణ లేదు.

## పని నడుస్తున్నప్పుడు

ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

ముహూర్తం ఎప్పుడు పెట్టుకున్నా, పునాది పని పూర్తయి గచ్చు మట్టం వరకు మట్టి పూడ్చి అదమడం అక్టోబరు నాటికి ముగిసేలా చూసుకోవాలి. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినా, తిరుపతి జిల్లాలో వానలు ముంచెత్తాయి. తుపాను మరెక్కడో దాటుతుందన్న ధైర్యంతో గుంతలు తెరిచి ఉంచకూడదు.

నీళ్లకు కరువు. క్యూరింగ్ వారం చేస్తే సరిపోదా?

సరిపోదు. ఐఎస్ 456 ఓపీసీకి కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ వంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు చెబుతుంది. వేడి, పొడి వాతావరణంలో ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదని, మిశ్రమ సిమెంటుకు 14 రోజుల వరకు పొడిగించడం మంచిదని కూడా అంటుంది. నీటిని ఆదా చేయవలసింది పద్ధతిలో, రోజుల్లో కాదు. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి, వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే, పైపుతో పట్టే నీటిలో కొద్ది భాగంతోనే తడి నిలుస్తుంది. స్లాబు మీద మడులు కట్టి నీరు నిలపడం మన మేస్త్రీలకు తెలిసిన పనే.

స్లాబ్ వేసే రోజు యజమానిగా నేను ఏం చూడాలి?

ముందు రోజే ఇంజనీరు కడ్డీలు చూసి సంతకం చేయాలి, ఆ సంతకం లేనిదే కాంక్రీటు కలిపే మిల్లరు తిరగకూడదు. కడ్డీ కింద కవరు బిళ్లలు (కడ్డీకీ కాంక్రీటు అంచుకూ మధ్య ఎడం ఉంచేవి) ఉన్నాయా అని వంగి చూడండి. ఆ ఎడం స్లాబుకు మామూలుగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు, పునాదికి 50 మిల్లీమీటర్లు ఉండాలి. కాంక్రీటు జారుగా లేదని మనుషులు నీళ్లు కలపబోతే ఆపండి, అన్ని జాగ్రత్తలనూ ఆ ఒక్క బకెట్టు వమ్ము చేస్తుంది. 16 నుంచి 30 ఘనపు మీటర్ల కాంక్రీటుకు మూడు నమూనాలు, నమూనాకు మూడు క్యూబుల (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెల) చొప్పున పోయించి, తేదీ రాసి, 28 రోజులకు పరీక్షకు పంపండి. సెంట్రింగు ఊతాలు, ఓపీసీ వాడినప్పుడు, 4.5 మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. పీపీసీకి ఇంకా ఎక్కువ ఉంచాలి, ఎన్ని రోజులన్నది ఇంజనీరు చెప్పాలి.

## ఇంట్లో చేరిన తరువాత

సోలార్ పెట్టాక స్లాబు కారుతోంది. రెండింటికీ సంబంధం ఉందా?

చాలా సందర్భాల్లో ఉంటుంది. వాటరుప్రూఫింగు అయిపోయిన తరువాత వచ్చి, ఫ్రేము బిగించడానికి స్లాబుకు రంధ్రాలు వేస్తారు. స్లాబుతో పాటే చిన్న కాంక్రీటు దిమ్మెలు పోసి బోల్టులు అందులోనే వదిలితే ఈ బాధ ఉండదు. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78,000 వరకు రాయితీ ఉంది, నెట్ మీటరుకు (మిగులు కరెంటు లైనుకు ఇచ్చినదీ లెక్కించే మీటరుకు) దరఖాస్తు తిరుపతి కేంద్రంగా ఉన్న కరెంటు పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్‌కు చేరుతుంది. రాయితీ చూసి తొందరపడకుండా, ఫ్రేము గాలికి ఎగరకుండా ఎలా బిగిస్తారో, ఇన్వర్టరుకు వారంటీ ఎన్నేళ్లో అడగండి. పలకలకు పాతికేళ్ల హామీ ఇచ్చినా ఇన్వర్టరు అన్నేళ్లు రాదు. కొండకు దగ్గరి వీధుల్లో ఉండేవారు కోతులకు అందని విధంగా తీగలను గట్టి పైపుల్లో వేయించుకోవాలి.

వాన నీటి గుంత మొదటి ఏడాది బాగా తాగింది, ఇప్పుడు నీరు నిలుస్తోంది. ఎందుకు?

మిద్దె మీది దుమ్ము, ఆకులు దిగి, పై ఇసుక పొర పూడుకుపోయి ఉంటుంది. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడే చోట 100 చదరపు మీటర్ల మిద్దె నుంచి, పదింట ఎనిమిది వంతులు పట్టుకున్నా, 72,000 లీటర్లు వస్తాయి. అంత నీటితో పాటు వచ్చే మట్టి ఎక్కడో ఒకచోట పేరుకుంటుంది. మొదటి వాన నీటిని బయటికి వదిలే వాల్వు పెట్టించి, ఏటా సెప్టెంబరులో పై ఇసుక తీసి కడిగి మళ్లీ వేయాలి. గుంత పునాదికి మరీ ఆనుకొని ఉంటే నీరు గోడ కిందికి చేరుతుంది, అటువంటప్పుడు గుంతను శుభ్రం చేయడం కంటే చోటు మార్చడం గురించి ఇంజనీరును అడగడం మంచిది.

గోడకు పగుళ్లు వచ్చాయి. భయపడాలా?

పూత మీద వెంట్రుకలా సన్నగా అల్లుకున్న గీతలకు భయం అక్కరలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగే పగులు, స్తంభం లేక దూలం మీది పగులు, వానాకాలంలో వెడల్పయ్యే పగులు కనిపిస్తే ఆగకూడదు. పగులుకు అడ్డంగా చిన్న గాజు ముక్కను రెండు వైపులా జిప్సంతో అతికించి, పక్కన తేదీ రాయండి. ముక్క విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం, అప్పుడు పూత పూయించకుండా ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. విరగకుండా ఒక వానాకాలం, ఒక వేసవి గడిస్తే పగులును నింపి రంగు వేయించుకోవచ్చు.